మేడ్చల్ బ్రాంచి మూసేశాక

చీరల కొట్లో చేరిన ఆడపిల్లకు మొదటి వారంలో నేర్పే విద్య చీర మడత విప్పడం కాదు, నవ్వుముఖం పెట్టడమూ కాదు. కూర్చోకుండా ఉండడం. కొనేవాళ్ళు ఉన్నా లేకపోయినా నిలబడే ఉండాలి. ఈ మధ్య మా వీధిలో ఒక అమ్మాయి షోరూములో చేరి, వారం తిరక్కుండానే నా దగ్గరికొచ్చి, "ఆంటీ, కాళ్ళు వాచిపోతున్నాయి, మానేస్తాను" అంది.

"నువ్వు మానేస్తే ఇంకోటి వెతుక్కుంటావు. వాళ్ళే మూసేస్తే ఏం చేస్తావ్?" అన్నాను.

"అంత పెద్ద షోరూము ఎందుకు మూస్తారు ఆంటీ?" అని నవ్వింది.

మేమూ ఒకప్పుడు సరిగ్గా అలాగే నవ్వాం. ఆ అమ్మాయి వయసు వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. మావారికి ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో తొంభైల మొదట్లో ఇటు హైదరాబాద్ వచ్చాం. నేను సికింద్రాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో చేరాను. ఆ కంపెనీ పెరిగింది, దానితోపాటు నేనూ పెరిగాను. సేల్స్ గర్ల్ నుంచి సెక్షన్ చూసే మనిషినయ్యాను. అద్దెలు భరించలేక నాగారంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మా కంపెనీ మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల బ్రాంచి తెరిచి, చీరల ఫ్లోరు నాకు అప్పగించింది.

ఆ రోజులు మీరు చూసి ఉండాల్సింది. చుట్టుపక్కల పొలాలు ప్లాట్లవుతున్నాయి. షామీర్‌పేట నుంచి, ఆ పై ఊళ్ళ నుంచి జీపుల్లో కుటుంబాలకు కుటుంబాలు దిగేవి. పట్టుచీర వైపు చూడడానికే జంకే ముసలమ్మలు కోడళ్ళ భుజాలు పట్టుకుని మెట్లెక్కి, "గా పైన మెరిసేది తియ్యి బిడ్డా" అనేవాళ్ళు. చీరలు తీసి తీసి మా భుజాలు పడిపోయేవి. సాయంత్రానికి తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద చీరలు గుట్ట పడేవి. మడతపెట్టడానికే ఇద్దరు కావాలి.

మా ఫ్లోరులో అందరికంటే గట్టి నోరు జవహర్‌నగర్ నుంచి వచ్చే ఆమెది. ముప్పై దాటి ఉంటాయి. చీరల పక్కనే ఉన్న మ్యాచింగ్ కౌంటర్ ఆమెది. అంటే జాకెట్ గుడ్డలు, లంగాలు, ఫాల్స్ అమ్మే చోటు. అక్కడ నిలబడడానికి ఎవరూ ఇష్టపడేవాళ్ళు కాదు. ఒక గుడ్డ ముక్క కోసం గంటసేపు బేరం, చేసి చేసి వచ్చేది చిల్లర అమ్మకం. ఆమె మాత్రం ఆ కౌంటర్ వదిలేది కాదు. ఇంటికి వెళ్ళేటప్పుడు షామీర్‌పేట దాటాక మేమిద్దరం ఒకే ఆటో. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చెత్త కుప్పల గాలి రాగానే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆమె పగలబడి నవ్వేది.

"నాకు గీ వాసన వచ్చిందంటే ఇల్లొచ్చినట్టు మేడం. నువ్వేమో ముక్కు మూస్కుంటవ్" అనేది.

ఇంకొకామె సూరారం నుంచి వచ్చేది. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమన్నా తలవంచుకుని చీర మడతపెట్టుకునేది. ఈ కథలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది వీళ్ళిద్దరినే.

రెండువేల ఎనిమిది చివరికి వచ్చేసరికి జీపులు తగ్గాయి. అమెరికాలో బ్యాంకులు కూలుతున్నాయని టీవీలో చెబుతుంటే, దానికీ మేడ్చల్ చీరలకూ ఏమిటి సంబంధం అనుకున్నాను. నెమ్మదిగా తెలిసింది. ప్లాట్లు కొనే సాఫ్ట్‌వేర్ వాళ్ళు రావడం మానేశారు. ప్లాట్లు కదలకపోయేసరికి అడ్వాన్సులు తీసుకున్నవాళ్ళు ఇళ్ళలోంచి బయటికి రావడం మానేశారు. ఫ్యాక్టరీల్లో షిఫ్టులు తగ్గాయి. కొట్టుకు వచ్చినవాళ్ళు చీర అంచు తడిమి చూసి, "మల్లొస్తం" అని వెళ్ళిపోయేవాళ్ళు. మొదట మూడో అంతస్తులో ఏసీ కట్టేశారు. తర్వాత లిఫ్టు ఆపారు. ఆ తర్వాత కొనేవాళ్ళకు ఇచ్చే కూల్‌డ్రింకులు పోయి, కుండలో మంచినీళ్ళు వచ్చాయి. చివరికి మూడో అంతస్తుకే తాళం పడింది.

అయినా మాకు భయం వెయ్యలేదు. పెద్ద కంపెనీ కదా.

సంక్రాంతి సేల్ కూడా చప్పగా వెళ్ళిపోయాక ఒకరోజు మా మేనేజర్ నన్ను స్టాక్ రూములోకి పిలిచాడు. గుంటూరు వైపు కుర్రాడు. పెళ్ళై ఏడాదైంది. చెడ్డవాడు కాదు, కానీ హెడ్డాఫీసు ఫోను మోగితే చాలు, చెమట పట్టేది.

"మేడమ్ గారూ, నెలాఖరుకి మూసేస్తున్నారండి" అన్నాడు.

"రెండో ఫ్లోరు కూడానా?" అన్నాను.

"ఫ్లోరు కాదండి. బ్రాంచే."

అతనే మళ్ళీ అందుకున్నాడు. "మిమ్మల్ని సికింద్రాబాద్ తీసుకుంటారు. మీతోపాటు ఇంకో ముగ్గుర్ని. ఆ ముగ్గురూ ఎవరో మీరే చెప్పాలి. మిగతావాళ్ళకి మాత్రం ఆఖరి రోజు దాకా తెలియకూడదండి. తెలిస్తే పని చెయ్యరనీ, సరుకు మాయమవుతుందనీ పెద్దవాళ్ళ భయం."

ఆ సాయంత్రం ఆటోలో జవహర్‌నగర్ ఆమె నా పక్కనే కూర్చుంది. కొడుకును వచ్చే ఏడు ఇంగ్లీషు మీడియంలో వెయ్యాలని చెబుతోంది. నేను ఊఁ కొడుతున్నాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరచిపోయాను. ఆమె దిగబోతూ నా ముఖంలోకి చూసింది. "ఏమైంది మేడం, ముక్కు బందైందా?" అంది. ఏం లేదన్నాను.

ఇంట్లో మావారికి చెబితే, "నీ ఉద్యోగం ఉందిగా, నోరు మూసుకుని ఉండు" అన్నారు. ఆయన మాటలో తప్పులేదు. పిల్లలిద్దరి చదువులూ సగంలో ఉన్నాయి. కానీ నేను ముగ్గురిని ఎంచాలి. ఎలా ఎంచను? బాగా అమ్మేవాళ్ళనా? బాగా అవసరం ఉన్నవాళ్ళనా? వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ కళ్ళముందు పెట్టుకుని చూశాను. దీనికంటే పెళ్ళి చీర ఏరడం సులువనిపించింది. తెల్లవారేసరికి ఒక్కటే తేలింది. ఇది నేను ఒక్కదాన్నే మోసే బరువు కాదు.

మర్నాడు కొట్టు తెరవకముందు, దేవుడి పటానికి హారతి ఇచ్చాక, ఫ్లోరులో ఉన్నవాళ్ళందరినీ పరుపు దగ్గరికి పిలిచాను. "కూర్చోండి" అన్నాను.

ఆ ఒక్క మాటకే వాళ్ళ ముఖాలు మారిపోయాయి. "కూసోమంటున్నవంటే ఏదో అయింది మేడం" అంది ఒకామె. ఎవరూ కూర్చోలేదు. నేనే ముందు కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మూసేస్తున్నారని, నాతో కలిపి నలుగురికే చోటుందని, దాచమన్నారని, దాచలేకపోతున్నానని.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఒకమ్మాయి ఏడుపందుకుంది. ఇంకొకామె, "మేమేమన్న దొంగలమా, సరుకు మాయం జేస్తమా?" అని నామీదికే లేచింది. ఇంతలో మేనేజర్ మెట్లెక్కి వచ్చాడు. పరిస్థితి చూడగానే అర్థమైంది.

"మేడమ్, నా ఉద్యోగం పోతుందండి!" అన్నాడు.

"ఎవలది ఉంటుంది సార్ ఈడ?" అంది జవహర్‌నగర్ ఆమె.

అతను వచ్చి పరుపు అంచున కూలబడ్డాడు. "నన్ను ఎక్కడికి పంపుతారో నాకూ చెప్పలేదు" అన్నాడు మెల్లగా. ఆ మాటతో కోపాలు కొంచెం దిగాయి. ఎవరో వెళ్ళి కుండలోంచి నీళ్ళు తెచ్చి అతనికి ఇచ్చారు.

ముగ్గురూ ఎవరన్న మాట వచ్చింది. అందరి చూపులూ జవహర్‌నగర్ ఆమె మీదికే పోయాయి. ఆమె ఎక్కడికి పోయినా అమ్మగలదు. కానీ ఆమె సూరారం ఆమె వైపు చెయ్యి చూపించింది.

"గామెను పంపు మేడం."

సూరారం ఆమె తలెత్తింది. "నేను నీకంటే ఎక్కువ అమ్ముతనా అక్కా?"

"అమ్ముడు సంగతి కాదు. మీ ఇంటాయన ఫ్యాక్టరీ బందై ఎన్ని దినాలాయె? నీ ఇంట్ల ఒక్కరికన్న జీతం రావాలె. మా ఇంట్ల మా ఆయన సెంట్రింగ్ పనికన్న పోతుండు."

సూరారం ఆమె భర్త పని పోయిన సంగతి జవహర్‌నగర్ ఆమెకు తప్ప మాకెవరికీ తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ తర్వాత మిగిలిన రెండు చోట్లూ తేలడం కష్టం కాలేదు. ఇంటి బరువు ఒంటరిగా మోస్తున్న ఇద్దరి పేర్లు వాళ్ళే చెప్పుకున్నారు. రాత్రంతా నేను తేల్చలేనిదాన్ని వాళ్ళు షట్టర్ ఎత్తేలోపు తేల్చేశారు. అందరూ సంతోషించారని చెప్పను. ఒకరిద్దరు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

"మరి నువ్వేం చేస్తావ్?" అని ఆ సాయంత్రం ఆటోలో జవహర్‌నగర్ ఆమెను అడిగాను.

"ఒక్కటి జెప్పు మేడం. ఈ రెండు నెలలల్ల మన కొట్ల ఏ కౌంటర్ కాడ మనుషులున్నరు?"

ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఆమె కౌంటర్ దగ్గరే.

"కొత్త చీరకు పైసల్లేకుంటే ఆడోళ్ళు ఏం జేస్తరు? బీరువల ఉన్న పాతదానికి కొత్త జాకెట్ కుట్టిచ్చుకుంటరు. ఫాల్ మారుస్తరు. పెండ్లికి పోవుడైతే బందు వెట్టరు గద. నేను మ్యాచింగ్ దుకాణం వెడ్త."

"ఎక్కడ పెడతావ్?"

"గదే పరేషాన్" అంది.

దానికి దారి మేం వెతకకుండానే దొరికింది. మా కొట్టు బిల్డింగ్ యజమానిని అందరూ పటేల్ అనేవాళ్ళు. పొలాలు, ప్లాట్లు, రాజకీయం అన్నీ ఉన్న మనిషి. మా కంపెనీ కోసమే అప్పుచేసి ఆ మూడంతస్తులూ లేపాడు. చివరి వారంలో ఒకరోజు ఆయన భార్య తన ఆడబిడ్డతో కలిసి కొట్టుకు వచ్చింది. పెళ్ళైన కూతురికి పుట్టింటి తరపున ఒడిబియ్యం పోస్తున్నారు. పెద్ద కుటుంబం, వరసైన ఆడవాళ్ళందరికీ చీరలు పెట్టాలి. ఎప్పుడూ పై వరసలో ఉన్న ఖరీదైన చీరలు అడిగే మనిషి చూపు ఆ రోజు కింది వరసల మీదే తిరుగుతోంది. నోరు తెరిచి అడగలేకపోతోంది, పక్కన ఆడబిడ్డ ఉంది.

జవహర్‌నగర్ ఆమె తన కౌంటర్ వదిలి వచ్చి కూర్చుంది. ధర మాటే ఎత్తకుండా సాదా చీరలు తీసి పరిచింది. ఒక్కో చీర మీద ఒక్కో జాకెట్ గుడ్డ వేసి చూపించింది. ఆకుపచ్చ మీద వంకాయ రంగు, గంధం రంగు మీద ఎరుపు. "పట్టు అందరు పెడ్తరమ్మా. గిట్ల జత గలిపి ఎవ్వలు పెడ్తరు?" అంది. ఆడబిడ్డే ముందు తల ఊపింది. పటేల్ భార్య ముఖంలో రంగు తిరిగి వచ్చింది.

అప్పుడే కింద నుంచి పటేల్ గొంతు వినపడింది. మేనేజర్ మీద అరుస్తూ మెట్లెక్కుతున్నాడు. "నడిమిట్ల ఖాళీ జేస్తే ఎట్ల? గీ బిల్డింగ్ మీ కోసమే లేపిన! బ్యాంకోనికి నేనేం జెప్పాలె?"

పైకి వచ్చి భార్యను చూసి కొంచెం తగ్గాడు. మా వాళ్ళందరూ గోడకు అతుక్కుపోయారు. జవహర్‌నగర్ ఆమె మాత్రం లేచి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"పటేలా, ఇంత పెద్దది గిప్పట్ల ఎవ్వలు తీసుకోరు. మెట్ల పక్కన మడిగె ఖాళీగున్నది. అది మాకియ్యి."

మెట్ల పక్కన వాచ్‌మన్ సామాన్లు పెట్టుకునే చిన్న గది అది. పటేల్ ఆమెను పైకీ కిందికీ చూశాడు. "ఏం జేస్తవ్ దాంట్ల?"

"జాకెట్ గుడ్డలు, లంగలు, ఫాల్స్ అమ్ముతం. పీకో మిషిని వెడ్తం, జాకెట్లు కుడ్తం. మేము ఐదుగురం ఉన్నం."

"గింత పెద్ద కంపెనీకే నడుస్తలేదు. నువ్వు నడిపిస్తవా?"

"కంపెనీకి మూడంతస్తులు, ఏసీలు, లిఫ్టు. మాకు ఒక్క మడిగె పటేలా. గాలి మేమే ఊపుకుంటం."

ఆయనకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. అప్పుడు ఆయన భార్య చీరల మీంచి తల ఎత్తకుండానే మాట్లాడింది. "ఇయ్యరాదు. ఖాళీగుంటే ఏమొస్తది? ఎలుకలొస్తయ్. గీ చీరలన్నిటికి జాకెట్లు ఎవ్వలు కుడ్తరు? సికిందరాబాద్ దాంక నన్ను నువ్వు తోల్కపోతవా?"

పటేల్ ఒకసారి చీరల గుట్ట వైపు, ఒకసారి భార్య వైపు చూశాడు. "ఎండకాలం దాంక సూస్త. నడిస్తే కిరాయి మాట్లాడుకుందం. నడవకుంటే తాళంచెయ్యి తెచ్చి నా చేతుల వెట్టాలె. ఏడ్వద్దు."

"ఏడ్వం పటేలా" అంది ఆమె. వెనక నుంచి ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినపడింది. చూస్తే సూరారం ఆమె. సికింద్రాబాద్‌లో ఉద్యోగం ఖాయమైన మనిషి, ఎందుకేడ్చిందో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

ఆఖరి రోజు మీరనుకునేంత విషాదంగా గడవలేదు. సరుకంతా మూటలు కట్టి వ్యాన్లలో పంపాం. ఒక్క దారం కూడా మాయం కాలేదు. మూటలన్నీ ఎక్కించాక చీరలు కట్టి నిలబెట్టే బొమ్మలు మిగిలాయి. ఎక్కడా చోటు లేక మేనేజర్ వాటిని టాపు లేని ట్రాలీ ఆటోలో నిలబెట్టించాడు. మీద చీరలు కూడా లేవు. ఆటో మెయిన్ రోడ్డెక్కగానే బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ చెయ్యెత్తి అలాగే ఉండిపోయాడు. "అరెరె, గా పిల్లలకు గుడ్డలన్న కట్టియ్యండ్రా!" అని ఒక ముసలాయన కేకేశాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. మేనేజర్ కూడా నవ్వాడు. అతను నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి.

సాయంత్రం మేనేజర్ షట్టర్ దించి తాళం వేశాడు.

నేను సికింద్రాబాద్ వెళ్ళిపోయాను. వాళ్ళు ఐదుగురూ ఆ మడిగెలో దుకాణం పెట్టారు. తలా కొంచెం వేసుకుని జాకెట్లకు టూ బై టూ గుడ్డ తాన్లు తెచ్చారు, పాత పీకో మిషను కొన్నారు. మొదట్లో ఎవరూ రాలేదు. మూసేసిన బిల్డింగ్ చూసి అన్నీ మూసేశారనుకునేవాళ్ళు. అప్పుడు జవహర్‌నగర్ ఆమె ఇద్దరిని వెంటబెట్టుకుని షామీర్‌పేట చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగింది. "పాత చీరలియ్యండమ్మా, జత గలిపి తెస్తం" అని అడిగి తెచ్చేవాళ్ళు. పటేల్ భార్య చేసిన ఒడిబియ్యానికి వచ్చిన చుట్టాలు జాకెట్ల గురించి అడిగి అడిగి దుకాణానికి దారి పట్టారు. ఎండాకాలం వచ్చేసరికి పెళ్ళిళ్ళ ముహూర్తాలు మొదలై, మిషను ఆగడం మానేసింది. తాళంచెవి పటేల్ చేతికి వెళ్ళలేదు.

నా సంగతి చెప్పాలి కదా. వానలు మొదలయ్యాక సికింద్రాబాద్‌లోనూ ఉద్యోగాల కోత మొదలైంది. సూరారం ఆమెను ఉంచారు. ఎక్కువ జీతం తీసుకునే నాలాంటివాళ్ళను పంపేశారు. ఈసారి ఎవరూ దాచలేదు, మధ్యాహ్నం పిలిచి సాయంత్రం పంపేశారు. రెండు రోజులు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు పొద్దున లేచి, అలవాటైన దారినే ఆటో ఎక్కి మేడ్చల్‌లో దిగాను.

మడిగె ముందు నిలబడి, "పని ఏమైనా ఉందా?" అన్నాను.

జవహర్‌నగర్ ఆమె కత్తెర పక్కన పెట్టి గంభీరంగా ముఖం పెట్టింది. "నీకు పీకో వస్తదా?"

"రాదు."

"జాకెట్ కుట్టుడు?"

"అదీ రాదు."

"మరేమొస్తది మేడం?"

"మనిషిని చూసి ఏ రంగు నప్పుతుందో చెబుతాను."

"గది నాక్కూడ వస్తది" అంది. ఇక ఆపుకోలేక మిగతావాళ్ళు పకపకా నవ్వేశారు. ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "చాయ్ తాగు ముందుగాల. నీకు హోల్‌సేలోళ్ళంత ఎరుకే గద. సరుకు తెచ్చుడు నీ పని."

"నన్నింకా మేడం అంటావేంటి? ఇప్పుడు నువ్వే కదా ఓనరువి" అన్నాను.

"ఓనర్ గీనర్ ఎవ్వలు లేరు. అందరం ఓనర్లమే, అందరం జీతగాళ్ళమే. జల్దీ తాగు, పనున్నది."

నా ఉద్యోగ జీవితంలో మిగిలిన ఏళ్ళన్నీ అక్కడే గడిచాయి. ఒక మడిగె రెండయింది. సూరారం ఆమె కూడా తర్వాత మా దగ్గరికే వచ్చింది. గొంతు కూడా తెచ్చుకుంది. బేరమాడేవాళ్ళ మీద ఇప్పుడు ఆమే అరుస్తుంది.

కాలం మళ్ళీ తిరిగింది. ప్లాట్లు కదిలాయి, జీపుల బదులు కార్లు వచ్చాయి. మా పాత కంపెనీ రోడ్డుకు అవతలి వైపు కొత్త బిల్డింగ్‌లో మళ్ళీ బ్రాంచి తెరిచింది. దానికి మేనేజర్‌గా వచ్చింది ఎవరనుకున్నారు? మా గుంటూరు కుర్రాడే. కణతల దగ్గర జుట్టు నెరిసింది. తెరవడానికి ముందు రోజు రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చాడు.

"అందరూ రండి. అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. ఈసారి మూసే మాటే లేదు" అన్నాడు.

కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు వెళ్తామన్నారు. ఇంటి దగ్గర పరిస్థితికి నెలజీతమే నయమన్నారు. సంతోషంగా పంపాం. జవహర్‌నగర్ ఆమె మాత్రం మేనేజర్‌కు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"మేం రాం సార్. గాని మీరు చీరలు మంచిగ అమ్మండి. కొన్నోళ్ళను రోడ్డు దాటిచ్చి మా కాడికి తోలండి."

మర్నాడు ప్రారంభోత్సవం. డప్పులు, బెలూన్లు, జనం. ఎవరో సినిమా తార కూడా వచ్చిందన్నారు కానీ మాకు చూసే తీరిక లేదు. పదకొండు దాటాక అవతలి షోరూములోంచి ఆడవాళ్ళు కొత్త సంచులు పట్టుకుని బయటికి రావడం మొదలైంది. లారీలకూ బస్సులకూ చేతులు అడ్డం పెట్టి ఆపుతూ, గుంపులు గుంపులుగా రోడ్డు దాటి మా వైపు వస్తున్నారు.

"మేడం, ఏం సూస్తున్నవ్? టూ బై టూ తాన్లు దించు!" అని కేకేసింది జవహర్‌నగర్ ఆమె.

నేను తాన్లు దించాను.